‘కాశీమజిలీ కథలు – సంపూర్ణ సెట్’ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పాత తెలుగు పుస్తకాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ల కోసం ఈ పోస్టు. పన్నెండు భాగాలూ వరసగా నిలబెట్టిన ఫొటో, పక్కన ‘సంపూర్ణ’ అన్న మాట, నమ్మబుద్ధయ్యేంత తక్కువ ధర. డబ్బు కట్టాక ఇంటికొచ్చేది ఒకే ఒక్క పుస్తకం. ఇదేంటండీ అని అడిగితే, ‘ఆ రేటు ఒక భాగానికే, ఫొటో ఊరికే నమూనాకి పెట్టాం’ అన్నాడు సెల్లర్. ఆ ముక్క పేజీలో ఎక్కడా లేదు. స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి.

నాకీ పిచ్చి పట్టించింది సురభి వాళ్లు. వాళ్ల పాతాళ భైరవి నాటకంలో స్టేజి మీద మంటలూ మాయలూ కళ్లెదుటే జరిగిపోతుంటే నోరు తెరుచుకుని చూశాను. తర్వాత 1951 నాటి సినిమా మళ్లీ పెట్టుకున్నాను. ఆ కథకి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఉందని తెలిశాక కాలు నిలవలేదు. మణిసిద్ధుడు కాశీకి నడిచిపోతూ మజిలీకో కథ చెబుతాడు కదా, తోటరాముడి పూర్వీకుడు వాటిలో ఎక్కడ తగులుతాడో నేనే వెతికి పట్టుకోవాలని ఆశ. సెట్ మొత్తం అంత చవగ్గా దొరుకుతుంటే ఎవరు మాత్రం వదులుకుంటారు?

వచ్చిన ఆ ఒక్క భాగమైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. నెట్‌లో ఉచితంగా దొరికే పాత లైబ్రరీ స్కాన్‌ని దించుకుని, ప్రింటు కొట్టి, జిగురు బైండింగ్ వేసేశారు. లోపల లైబ్రరీ ముద్ర, ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలు, ఒక పేజీ మూల మీద స్కాన్ చేసినాయన బొటనవేలు కూడా ఉన్నాయి! కుట్టు వైపు ప్రతి పంక్తిలో రెండేసి అక్షరాలు బైండింగులోకి పోయాయి. అసలే అది గ్రాంథికం, మా వయసువాళ్లం కూడబలుక్కుంటూ చదవాలి. అరసున్న ఏదో, కాగితం మీది మచ్చ ఏదో తెలియకపోతే ఇంకేం చదువుతాం? ఒకచోట రాజకుమారి ఆపదలో ఉండగా పేజీ అయిపోయింది. తిప్పితే వేరే మజిలీ మొదలైంది. మధ్య పేజీలు గల్లంతు.

మా నాటకాల బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇదే సెల్లర్ దగ్గర కన్యాశుల్కం కొంది. అట్ట మీద 1955 సినిమా స్టిల్లు, కింద ‘పూర్తి నాటకం’ అని. 1909 కూర్పు ఏడంకాలు, ఒక్క సాయంత్రంలో ఆడి ముగించేది కాదు. ఆమెకి వచ్చింది ఎవరో స్టేజి కోసం కుదించిన పల్చటి పుస్తకం. కుదించిందెవరో, ఏ సీన్లు తీసేశారో ఒక్క మాట లేదు. మధురవాణి వేషం కట్టాల్సిన పిల్ల, తన డైలాగులు సగం లేవని రిహార్సల్లో కనిపెట్టింది.

ఇలా అచ్చు వేయడం నేరమేం కాదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్. గురజాడ 1915లో పోయారు, దీక్షితులు గారి పుస్తకాల గడువూ ఎప్పుడో తీరిపోయింది. కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చు. స్కాన్ కాపీ అని చెప్పి అమ్మితే అవసరమున్నవాళ్లు కొంటారు, నేనూ కొంటానేమో. చెప్పకపోవడమే మోసం.

‘పుస్తకాలకు రిటర్న్ లేదు’ అంటే వెనక్కి తగ్గకండి. చెప్పినదొకటి, పంపినదొకటి అయితే వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. సైటువాళ్ల ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. (గురజాడ పోయిన సంవత్సరమే, నంబరు మర్చిపోరు.) నాకు పుస్తకం డబ్బులొచ్చాయి, డెలివరీ చార్జీ మాత్రం నీళ్లొదులుకున్నట్టే.

కొనేముందు సెల్లర్‌కి మెసేజ్ పెట్టి ఎన్ని భాగాలో, ఎన్ని పేజీలో రాతపూర్వకంగా అడగండి. ప్రచురణకర్త పేరున్న పేజీ, మధ్యలో ఏదో ఒక పేజీ ఫొటో తీసి పంపమనండి. ‘ప్యాక్ అయిపోయింది, తీయడం కుదరదు’ అంటే వదిలేయండి. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నా వాదన నిలబడింది దానివల్లే. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, బెజవాడ వైపైతే జనవరిలో పుస్తక మహోత్సవం ఎలాగూ ఉన్నాయి. అక్కడైతే పేజీలు తిప్పి చూసుకుని మరీ కొనొచ్చు.

నా ఫిర్యాదు తర్వాత ఆ పేజీ మాయమైంది. నిన్న చూస్తే వేరే సెల్లర్ పేరుతో, అదే ఫొటోతో మళ్లీ వచ్చింది. ఈసారి ధర వంద రూపాయలు ఎక్కువ.