వరద నెలల్లో బిడ్డను చూపించే రోజుల మార్పు: ఫ్యామిలీ కోర్టు సేవలపై నా అభిప్రాయం

విడాకుల కేసు నడుస్తుండగా, బిడ్డను తండ్రికి చూపించే రోజులను కొంతకాలం మార్చమని అడగవలసి వస్తే ఫ్యామిలీ కోర్టు ఎంతవరకు అక్కరకు వస్తుందో, గోదావరి లంకలో ఉంటున్న తల్లిగా నా అనుభవం నుంచి రాస్తున్నాను. బాబు నా దగ్గర పెరుగుతున్నాడు. మధ్యంతర ఉత్తర్వు ప్రకారం ప్రతి ఆదివారం ఉదయం వాణ్ణి పట్టణానికి తీసుకువెళ్లి తండ్రికి అప్పగించి, సాయంత్రం తిరిగి తెచ్చుకోవాలి. అయితే ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడే సరికి మా కాజ్‌వే నీట మునిగి, పడవ తప్ప దారి ఉండదు. ఆ వరవడిలో పిల్లవాడిని పడవెక్కించడానికి నాకు మనసొప్పలేదు. అలాగని చెప్పాపెట్టకుండా మానేస్తే కోర్టు ఉత్తర్వును ఉల్లంఘించినట్లవుతుంది.

1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 26వ సెక్షన్ కింద, పిల్లల సంరక్షణపై ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులను న్యాయస్థానం ఎప్పటికప్పుడు మార్చవచ్చు, నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. అందువల్ల వేరే కేసు వేయనక్కరలేదు. నడుస్తున్న కేసులోనే అఫిడవిట్‌తో ఒక ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) దాఖలు చేస్తే చాలు. న్యాయసేవాధికార సంస్థ నాకు ఉచితంగా లాయరును ఇచ్చింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం అందుతుంది. ఆ సంస్థల హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేసి కూడా వివరాలు అడగవచ్చు.

లాయరు గారు రాసిన అఫిడవిట్ ఈ సేవలన్నిటిలోనూ నాకు బాగా నచ్చింది. పాత గొడవల ప్రస్తావన అందులో ఒక్క వాక్యం కూడా లేదు. మార్పు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎందుకు, పోయిన ఆదివారాలకు బదులుగా తండ్రికి ఏమిస్తున్నాము అన్న మూడు విషయాలే ఉన్నాయి. దానికి గ్రామ రెవెన్యూ అధికారి ఇచ్చిన ధ్రువపత్రాన్ని, మునిగిన కాజ్‌వే ఫొటోలను జతచేశారు. బదులు చూపకుండా ఆపమని మాత్రమే అడిగితే, బిడ్డను దూరం చేయడానికి వరదను సాకుగా వాడుకుంటున్నారని అవతలివారు అనుకోవడంలో తప్పు లేదు.

కోర్టు మమ్మల్ని ముందుగా కౌన్సెలర్ దగ్గరకు పంపింది. ఆమె బల్ల మీద క్యాలెండరు పరిచి, "అమ్మా, ఈ ఆదివారాలు పోతే బాబుకు నాన్న ఎప్పుడు కనిపిస్తాడో ముందు అది చెప్పండి" అన్నారు. తరువాత బాబు తండ్రి వైపు తిరిగి, "మీరు ఆ ఏటిగట్టు దాకా వచ్చి చూశారా బాబూ?" అని అడిగారు. ఇద్దరి చేతా దసరా సెలవుల్లో రోజులకు గుర్తులు పెట్టించారు. ఆ గదిలో గొంతులు పెరగకపోవడం ఆమె నేర్పు వల్లనే. చివరకు ఇద్దరమూ ఒప్పుకున్న షరతులతో కోర్టులో జాయింట్ మెమో వేశాము: హెచ్చరిక అమలులో ఉన్నన్నాళ్లు ఆదివారం సాయంత్రం వీడియో కాల్, పోయిన రోజులకు బదులు దసరా సెలవుల్లో తండ్రి దగ్గర బస, ఆపై పాత ఏర్పాటు యథాతథం. వీడియో కాల్ ద్వారా బిడ్డతో మాట్లాడే అవకాశాన్ని సుప్రీంకోర్టు కూడా 2020లో యశితా సాహు కేసు తీర్పులో నొక్కిచెప్పింది.

లోపం జాప్యంలో ఉంది. నోటీసు చేరడానికి ఒక వాయిదా, అవతలివారి జవాబు (కౌంటరు)కు మరొకటి, జడ్జి గారు సెలవులో ఉన్నందుకు ఇంకొకటి గడిచేసరికి ఆ విడత వరద తగ్గిపోయింది. ఉత్తర్వు తరువాతి విడతకు మాత్రమే పనికొచ్చింది. సర్టిఫైడ్ కాపీ కోసం మళ్లీ దరఖాస్తు పెట్టి ఎదురుచూడవలసి వచ్చింది. తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే కోర్టులో వారు కూర్చోవడానికి వరండాలో ఒక బెంచీ తప్ప ఏమీ లేదు. 2022 జూలైలో నీటిమట్టం మూడో హెచ్చరిక స్థాయి అయిన 17.75 అడుగులను కూడా దాటిన డెల్టా ఇది. ఇక్కడ వరద అనుకోని ఆపద కాదు. లంక గ్రామాల పిల్లల విషయంలో మొదటి ఉత్తర్వులోనే వరద రోజుల ఏర్పాటును రాసిపెడితే, ఏటా ఐ.ఏ. వేసే అవసరమే ఉండదు. మా తుది ఉత్తర్వులో ఆ మాట చేర్చమని లాయరు గారి ద్వారా ఇప్పటికే కోరాము.