క్యామ్ కిట్ కొనేవాళ్లకు హెచ్చరిక: 'ఫుల్ సెట్' అన్న మాట నమ్మి ఇంజిన్ పాడుచేసుకున్నాను

మోడిఫై చేసిన ఇంజిన్‌లో క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్ట్) మార్చాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు, వాల్వ్ స్ప్రింగులు, రాకర్లు కలిపి 'ఫుల్ సెట్' అని అమ్మిన కిట్ ఒకటి కొన్నాను. బిగించి స్టార్ట్ చేశాక 20 నిమిషాలు కూడా గడవలేదు, ఇంజిన్ మొత్తం మళ్లీ విప్పాల్సి వచ్చింది.

నాది పుష్‌రాడ్ ఇంజిన్. అంటే క్యామ్ మీది ఉబ్బులు (లోబ్‌లు) ట్యాపెట్లను లేపితే, అవి పుష్‌రాడ్లనే కడ్డీలతో రాకర్లను ఊపి వాల్వులు తెరిపిస్తాయి, స్ప్రింగులు మళ్లీ మూస్తాయి. బోర్ చేయించి, కంప్రెషన్ పెంచే పిస్టన్లు వేయించాను. పాత క్యామ్ దానికి చాలక, ఆర్‌పీఎం పెరిగే కొద్దీ ఊపు తగ్గిపోయేది. అందుకే ఈ కిట్ తెప్పించాను. పెట్టె విప్పగానే అనుమానం వచ్చి ఉండాల్సింది. క్యామ్‌తో రావాల్సిన స్పెసిఫికేషన్ కార్డు (క్యామ్ కార్డు) లేదు. ట్యాపెట్లు ప్లాస్టిక్ కవర్లో విడిగా ఉన్నాయి. స్ప్రింగుల మీద ఉన్న గుర్తుకూ క్యామ్ చివర కొట్టిన నంబరుకూ పొంతన లేదు. మా మెకానిక్ అప్పుడే అన్నాడు, "అన్నా, ఇవన్నీ ఒక్క చోటివి కావేమో, ఒకసారి అడుగు" అని. ఫోన్ చేస్తే అమ్మినతను, "అన్నీ ఆ ఇంజిన్‌వే, భయపడకుండా పెట్టేయండి" అన్నాడు. పెట్టేశాం. అతను చెప్పింది అబద్ధం కూడా కాదు. ప్రతి పార్టూ ఆ ఇంజిన్‌లో కూర్చుంటుంది. కానీ ఒకదానికొకటి సరిపోవు. నేను నష్టపోయింది ఈ తేడా తెలియకే.

కొత్త క్యామ్‌ని మొదటిసారి నడిపి అలవాటు చేసే రన్నింగ్-ఇన్ విషయంలో మేము తప్పు చేయలేదు. లోబ్‌లకు అసెంబ్లీ లూబ్ (బిగించేటప్పుడు రాసే చిక్కటి లూబ్రికెంట్) పట్టించాం, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోశాం, స్టార్ట్ అయిన వెంటనే ఐడ్లింగ్‌కి వదలకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఉంచాం. పన్నెండో నిమిషంలో టిక్ టిక్ మని శబ్దం మొదలైంది. ట్యాపెట్ గ్యాప్ అనుకున్నాను. కాసేపటికి ఒక సిలిండర్ మిస్ అవడం మొదలుపెట్టింది. ఆపేసి రాకర్ కవర్ తీసి ఇంజిన్‌ని చేత్తో తిప్పి చూస్తే, ఒక రాకర్ దాదాపు కదలడమే లేదు. ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే లోపల వెండి పొడిలా మెరుపు. అది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

విప్పాక తేలింది ఇది. క్యామ్ ఫ్లాట్ ట్యాపెట్ రకం. దాని లోబ్ చూడ్డానికి చదునుగా ఉన్నా నిజానికి కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది. ట్యాపెట్ అడుగు కూడా కంటికి ఆనని ఉబ్బుతో ఉండాలి. ఈ రెండూ కలిసి ట్యాపెట్‌ని దాని గూట్లో గుండ్రంగా తిప్పుతుంటాయి. అలా తిరిగితేనే రాపిడి ఒకే చోట పడకుండా ఉంటుంది. నాకు వచ్చిన ట్యాపెట్లు వాడినవి, అడుగు అరిగి చదునైపోయినవి. పైకి మెరుగు పెట్టి కొత్తవాటిలా పంపారు. అవి తిరగలేదు, ఒకేచోట గీరుకుంటూ లోబ్‌ని తినేశాయి.

దీనికి తోడు స్ప్రింగులు రోలర్ క్యామ్ కోసం చేసినవి. వాల్వ్ మూసుకుని సీటు మీద ఉన్నప్పుడే సుమారు 95 కిలోల ఒత్తిడి ఇస్తున్నాయని టెస్టర్ మీద పెట్టినప్పుడు తెలిసింది. నా క్యామ్ లాంటిదానికి మామూలుగా 50 నుంచి 60 కిలోలు చాలు. రోలర్ ట్యాపెట్‌కి కింద చక్రం ఉంటుంది కాబట్టి అది తట్టుకుంటుంది, జారుతూ నడిచే ఫ్లాట్ ట్యాపెట్ తట్టుకోదు.

రాకర్లు మరో కథ. లోబ్ లేపినదానికి వాల్వ్ ఎన్ని రెట్లు తెరుచుకోవాలో రాకర్ నిష్పత్తి చెబుతుంది. క్యామ్ లెక్క 1.5 నిష్పత్తికి, కిట్‌లో వచ్చినవి 1.6వి. లోబ్ 7.5 మిల్లీమీటర్లు లేపితే వాల్వ్ 11.25 తెరుచుకోవాల్సింది, 12 తెరుచుకుంది. ముప్పావు మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ హెడ్ తీసి చూస్తే ఒక పిస్టన్ మీద ఇంటేక్ వాల్వ్ అంచు తగిలిన గీత సన్నగా కనిపించింది. వాల్వ్ వంగకుండా బతికిపోయింది, అంతే. ఆయిల్‌తో పాటు తిరిగిన ఇనుప పొడి వల్ల మెయిన్ బేరింగులు, ఆయిల్ పంపు కూడా పోయాయి.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ముందు క్యామ్ కార్డు ఫోటో అడగండి. అది లేదంటే కొనకండి. ఏ స్ప్రింగు, ఏ రాకర్ నిష్పత్తి వాడాలో కార్డులోనో, ఆ కంపెనీ కేటలాగ్‌లోనో ఉంటుంది. ప్రతి పార్టు నంబరూ దానితో సరిచూసుకోండి. ట్యాపెట్లు వచ్చాక రెండింటిని అడుగులు కలిపి నిలబెట్టండి. మంచివైతే కొద్దిగా ఊగుతాయి. ఊగకుండా అతుక్కున్నట్టు కూర్చుంటే తిరిగి పంపేయండి. పాత ట్యాపెట్లను కొత్త క్యామ్ మీద అస్సలు పెట్టకండి, మీ సొంత ఇంజిన్‌లోంచి తీసినవైనా సరే. బిగించేటప్పుడు పుష్‌రాడ్ల మీద మార్కర్‌తో గీత పెట్టి ఇంజిన్ తిప్పితే, ఏ ట్యాపెట్ తిరగడం లేదో కనిపిస్తుంది.

వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లన్నీ అతుక్కుపోవడానికి ఇంకా కనీసం 1.5 మిల్లీమీటర్ల దూరం మిగలాలి. పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య ఇంటేక్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉండాలని ఇంజిన్లు కట్టేవాళ్లు సాధారణంగా చూస్తారు. పిస్టన్ మీద మెత్తటి క్లే ముద్ద పెట్టి, ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, ముద్ద ఎంత అణిగిందో కొలిస్తే తెలుస్తుంది. ఒక పూట పని. ఆ పూట నేను మిగుల్చుకున్నాను.

స్టీల్ రోలర్ క్యామ్ కొనేవాళ్లు, క్యామ్ తిప్పే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ పంచే భాగం) గేరు కూడా అడగాలి. మామూలు కాస్ట్ ఐరన్ గేరు చాలా స్టీల్ క్యామ్‌ల మీద త్వరగా అరిగిపోతుంది.

అమ్మినతనికి ఫోటోలన్నీ పంపాను. "ఒకసారి ఫిట్ చేసిన పార్టులు వెనక్కి తీసుకోం, మీ మెకానిక్ తప్పు" అని జవాబు. అందుకే పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసి, నంబర్లు కలిసేవరకు ఏదీ బిగించకండి. నా బ్లాక్ ఇప్పుడు మెషీన్ షాపులో ఉంది. ఈసారి క్యామ్, ట్యాపెట్లు, స్ప్రింగులు ఒకే కంపెనీవి, కార్డుతో సహా తెప్పించాను. ఇదే ఇంజిన్‌కి ఎవరైనా కిట్ చూస్తుంటే, కొనే ముందు పార్టు నంబర్లు నాకు పంపండి, నా దగ్గరున్న కార్డుతో పోల్చి చెబుతాను.