నల్లరేగడి నేలలో స్టెప్ టీ

గోల్ఫ్‌లో కొట్టే ముందు బంతిని ఎత్తుగా నిలబెట్టే చిన్న పుల్లని టీ అంటారు. ఈ ప్లాస్టిక్ స్టెప్ టీలో నన్ను పట్టేసింది ఒక్కటే, నడుం దగ్గరున్న మెట్టు. నేలలోకి నొక్కితే మెట్టు మట్టికి ఆనగానే ఆగిపోతుంది, ఇక దిగదు. ఈపాటి ఏర్పాటు మీద ఉన్న మమకారం వేలు పోసి కొన్న డ్రైవర్ మీద, అదే దూరం కొట్టే పెద్ద తల కర్ర మీద కూడా లేదు నాకు.

కొయ్య టీలు వాడినన్నాళ్లూ ఒక బంతి ఎత్తుగా, ఇంకోటి కిందికి కూర్చునేది. షాట్ చెడితే తప్పు చేతులదా, నడుముదా, టీదా అన్నది తేలేది కాదు. డ్రైవర్ నేలకు ఆనించితే దాని నెత్తి మీదుగా సగం బంతి కనబడాలి. కుడిచేతి వాటం వాళ్లకి బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి. అప్పుడే క్లబ్, అంటే కొట్టే కర్ర, కిందికి వచ్చి, పైకి లేస్తూ తగులుతుంది. ఇది ఎవరినడిగినా చెబుతారు. ప్రతిసారీ అదే ఎత్తులో పెట్టడమే కష్టం. మెట్టు వచ్చాక టీని తిట్టుకునే వీల్లేకుండా పోయింది.

గుంటూరు, మంగళగిరి మధ్య మా బావ ప్లాట్‌లో నెట్ కట్టుకుని కొడుతుంటాం. నల్లరేగడి. రోహిణి కార్తెలో అక్కడ గునపమే దిగనంటుంది, టీ ఏం దిగుతుంది? అరచేత్తో గట్టిగా నొక్కితే సరిగ్గా మెట్టు కిందే పుటుక్కుమంది. రెండోదీ అక్కడే. ఇప్పుడు పొడవాటి మేకుతో ముందు బెజ్జం చేసి, తర్వాత టీ గుచ్చుతున్నాం. వానలు పడ్డాక ఇంకో తంటా. బంకమట్టిలో మెట్టుతో సహా కూరుకుపోతుంది. కాబట్టి ఒకే ఎత్తులో నిలుస్తుందన్న నా మాట పచ్చిక ఉన్నచోట పూర్తిగా, మా ప్లాట్‌లో మాఘ ఫాల్గుణాల్లో మాత్రం చెల్లుతుంది.

పచ్చిక కావాలంటే మాకు విశాఖే. రత్నాచల్‌లో బ్యాగు పెట్టుకుని వెళ్తే పక్క సీటాయన "తంబురాయా అండీ?" అని అడుగుతాడు. ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో బావ ఊపిరి బిగబట్టి ఊపాడు. క్లబ్ గాలినే కోసింది. ఆ విసురుకి బంతి టీ మీంచి దొర్లి పక్కన పడింది. ఇక నేల మీంచే డ్రైవర్‌తో కొట్టాలి కాబోలని మొహం వేలాడేశాడు. మాతో ఆడుతున్న పెద్దాయన నవ్వి, "బంతి టీయింగ్ ఏరియాలోనే ఉందిగా బాబూ, తీసి మళ్లీ టీ మీద పెట్టుకో. ఊపినందుకు స్ట్రోక్ ఒకటి లెక్కలోకి వస్తుంది, అంతే" అన్నారు. 2019లో నియమాలు మార్చినప్పుడు వచ్చిన వెసులుబాటట ఇది. ఆ ఏరియాలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, టీ కూడా మార్చుకోవచ్చు. ఆట మొదలుపెట్టే చోట ఉండే రెండు గుర్తుల ముందు అంచు నుంచి వెనక్కి రెండు క్లబ్బుల పొడవు దాకా ఆ ఏరియానే. అసలు కొట్టే ఉద్దేశంతో ఊపకముందే బంతి జారిపడితే స్ట్రోకూ లేదు, పెనాల్టీ లేదు. బావ నా దగ్గరున్న పొట్టి టీ ఒకటి అడిగి తీసుకుని కొట్టాడు. నేరుగా పోయింది. ఆ రోజు నుంచి ఆ టీ ఆయనది, నాకు తిరిగి రాలేదు.

ప్యాకెట్‌తో పాటు "స్లైస్ రాదు" అంటూ, అంటే బంతి పక్కకి వంకర తిరగదంటూ, బంతి వెనకాల చిన్న గోడ లేచిన టీ ఒకటి ఉచితంగా ఇచ్చారు. ప్లాట్‌లో సరదాకి సరే, పోటీలో బయటికి తీయకండి. బంతి గమనాన్ని మార్చే టీ నియమాలకు విరుద్ధం, పెనాల్టీ తప్పదు. మామూలు టీ కూడా 4 అంగుళాలు మించకూడదు. స్టెప్ టీతోనూ స్లైస్ పోయిందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు "కొంచెం" అని కలుపుతున్నాను. క్లబ్ ముఖం ఒకవైపు, స్వింగ్ దారి ఇంకోవైపు ఉంటే బంతి వంకర తిరుగుతుంది, దాన్ని ఏ టీ సరిచేస్తుంది?

కొనాలా అంటే, నాలా అప్పుడప్పుడు ఆడుతూ, వంగి ఎత్తు సరిచూసుకోవడానికి నడుము ఒప్పుకోనివాళ్లు కొనొచ్చు. రోజూ కోర్సులో ఉండి కంటితోనే ఎత్తు పట్టేసేవాళ్లకి, గాలి ఎదురైతే టీ దించుకునే అలవాటున్నవాళ్లకి ఈ మెట్టు అడ్డమే అవుతుంది. పార్ 3లో, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న దూరంలో, ఐరన్ అనే ఇనప తల క్లబ్‌కైతే నేనూ దీన్ని వాడను. విరిగిన కొయ్య టీ ముక్కలు జేబులో ఎప్పుడూ ఉంటాయి, వాటితో పని జరిగిపోతుంది.