మద్యం: పూర్తి నిషేధమా, గట్టి నియంత్రణా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి 1993లో సారాపై, 1995లో మొత్తం మద్యంపై నిషేధం తెచ్చింది. కూలి డబ్బు ఇంటికి చేరాలన్న వాళ్ల పట్టుదల న్యాయమైనది. నిషేధం బలం కూడా అదే, ఊళ్లో దుకాణమే ఉండదు. కానీ పక్క రాష్ట్రాల సరుకు, నాటుసారా ఆగలేదు. ఖజానా ఆదాయం పడిపోయింది. 1997లో నిషేధం ఎత్తేశారు.

నియంత్రణలో లైసెన్సు, అమ్మే వేళలు, వయసు పరిమితి ఉంటాయి. కల్తీ జరిగితే ఎవరిని పట్టుకోవాలో తెలుస్తుంది. చిక్కల్లా ప్రభుత్వమే ఆ ఆదాయానికి అలవాటు పడటం. లైసెన్సు లేకుండా ఊళ్లలో మద్యం అమ్మే బెల్టు షాపులు పూర్తిగా పోకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

నేను నియంత్రణ వైపే, బెల్టు షాపులు నిజంగా మూయిస్తేనే. దుకాణం వద్దని గ్రామసభ తీర్మానిస్తే అది చెల్లాలి.