శాంటా ఫేలో మోసపోయాం, కోర్డోవాలో తేరుకున్నాం

న్యూ మెక్సికోలోని శాంటా ఫే నడిబొడ్డున పునీతుల చెక్క బొమ్మలు కొనాలనుకునేవారు ముందు మా సంగతి చదవండి. ప్లాజా అనే నడి కూడలికి దగ్గరలోని ఒక దుకాణంలో అడుగు ఎత్తున్న సాన్ ఇసిద్రో బొమ్మకు 145 డాలర్లు ఇచ్చాం, పన్ను అదనం. ఇక్కడి కళాకారుడే కాటన్‌వుడ్ అనే చెట్టు వేరుతో చెక్కాడని అమ్మినతను రెండుసార్లు చెప్పాడు. గదికి వచ్చాక అడుగున అతికించిన గుడ్డ ఊడింది. చూస్తే లోపలంతా బోలు. రెండు పక్కలా అచ్చు కలిసిన గీత స్పష్టంగా కనిపించింది. అది చెక్క కాదు, అచ్చులో పోసిన ప్లాస్టిక్ లాంటి రెజిన్.

మర్నాడు తలుపు తీసే వేళకే వెళ్లి అడిగాం. "అమ్మిన వస్తువు వెనక్కి తీసుకోబడదు" అన్న బోర్డును వేలితో చూపించి, అతను ఇంకో బేరంలోకి వెళ్లిపోయాడు. అమ్మ ఆ బొమ్మను ఫిరంగిపురంలో వ్యవసాయం చేసే మా మేనమామ కోసం కొన్నది. సాన్ ఇసిద్రో రైతుల పునీతుడు. ఆయన ప్రార్థనలో ఉంటే దేవదూత వచ్చి అరక దున్నిందని కథ. మే 15న ఆయన పండుగ. "మనుషుల్ని మోసం చేస్తే చేశారు, పునీతుణ్ణి అడ్డం పెట్టుకుని చేస్తారా?" అని అమ్మ కారెక్కింది. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు, తినలేదు.

అసలైనది ఎలా ఉంటుందో చూడాలన్న పంతంతో మ్యూజియం హిల్‌కు వెళ్లాం. స్పానిష్ కాలపు కళ కోసమే అక్కడ ఒక మ్యూజియం ఉంది. ఇలాంటి చెక్క పునీతులను బుల్తోలు అంటారు, చేసేవారిని సాంతేరోలు. మెక్సికో నుంచి విగ్రహాలు రావడం కష్టమైన ఇక్కడి మారుమూల పల్లెల్లో ప్రజలు తమ పునీతులను తామే చెక్కుకున్నారు. చెక్క మీద జిప్సం, జిగురు కలిపిన పూత పూసి, రంగులు వేసి, పిన్యోన్ చెట్టు బంకతో మెరుగు పెట్టేవారు. మన కొండపల్లి బొమ్మకు పొణికి చెక్క ఎలాగో, వీటికి కాటన్‌వుడ్ వేరు అలాగ. ముఖాలు కోలగా, కళ్లు పెద్దవిగా ఉంటాయి. ఒక్కసారి దగ్గర నిలబడి చూస్తే నకిలీని ఇక ఎవరూ మీకు అంటగట్టలేరు. కాబట్టి కొనేముందే ఇక్కడికి రండి.

శాంటా ఫేలో గదికి రాత్రికి 218 డాలర్లు, కారు నిలపడానికి మరో 30. దండగ. ఉత్తరాన ఉన్న ఎస్పనోలా పట్టణంలో 94 డాలర్లకే శుభ్రమైన మోటెల్ దొరికింది.

అక్కడికి దగ్గరలోని చిమయో ఊరి గుడి 1816 నాటిది, ప్రవేశం ఉచితం. అక్కడి మట్టిని భక్తులు స్వస్థత కోసం తీసుకెళతారు. దగ్గరలోని సాంతో నిన్యో చాపెల్‌లో పసిపిల్లల బూట్లు వరుసలుగా ఉన్నాయి. బాలయేసు రాత్రుళ్లు ఆపన్నుల కోసం తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకుంటాడని వారి నమ్మకం. అమ్మ అక్కడ చాలాసేపు జపమాల చెప్పుకుంది. బయటికి వచ్చి, ఆకలేస్తోందంది. చిమయో ఎర్ర మిరప పులుసు గుంటూరు నాలుకకు కూడా నచ్చింది.

అక్కడి నుంచి 76వ నంబరు రోడ్డు పట్టుకుని కొండలెక్కితే, పక్కకు దిగే దారిలో లోయలో కోర్డోవా అనే పల్లె వస్తుంది. ఇక్కడి బొమ్మలకు రంగు వేయరు. తెల్లటి ఆస్పెన్, ఎర్రటి సెడార్ చెక్కల సహజ వర్ణమే వాటి అందం. హోసే దొలోరెస్ లోపెస్ (1868-1937) ఈ పద్ధతికి ఆద్యుడు. ఆయన కొడుకు జార్జ్‌కు 1982లో అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం దక్కింది. బయట బోర్డున్న ఒక ఇంటి తలుపు తట్టాం. చెక్కే ఆవిడ మమ్మల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, చిన్న కత్తితో దేవదూత రెక్క మీద గాట్లు పెట్టి చూపించింది. మా రెజిన్ బొమ్మను తీసి చూపిస్తే, పాపం, ఆవిడ ముఖమే చిన్నబోయింది.

ఆవిడ చెక్కిన సాన్ ఇసిద్రో ఎనిమిది అంగుళాలు, 210 డాలర్లు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని నేరుగా బొమ్మలోని ఎద్దులనే చూసింది. "కాడి మెడ మీద కదా ఉండాలి, కొమ్ములకు కట్టారేమిటి?" అని అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. స్పెయిన్ పద్ధతిలో కాడిని కొమ్ములకే కడతారని ఆవిడ వివరించింది. మెడ మీద మూపురం ఉన్న మన ఎద్దుల ఫోటోలను అమ్మ ఫోనులో చూపించింది. ఇద్దరూ అరక గురించి గంటసేపు మాట్లాడుకున్నారు, నేను దుబాసీ. నేను బేరం ఆడలేదు, మీరూ ఆడకండి. అడుగున సంతకం, ఊరి పేరు రాసి, పాత పత్రికల్లో చుట్టి ఇచ్చింది.

అదే రోడ్డులో ఇంకా ముందున్న లాస్ త్రాంపాస్ ఊరి గుడికి తాళం ఉంది, బయటి నుంచే చూశాం.

వెళ్లేవారు నగదు దగ్గర ఉంచుకోండి. వీలైతే జూలై చివరి వారాంతంలో శాంటా ఫేకు రండి. 1926లో మొదలైన స్పానిష్ మార్కెట్‌లో చెక్కినవారే ఎదురుగా నిలబడి అమ్ముతారు. ఇంకెక్కడ కొన్నా, చెక్కినవారి పేరు, చెక్క పేరు రసీదు మీద రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి. అచ్చు గీత ఫోటోలు జతచేసి మా కార్డు సంస్థకు ఫిర్యాదు పంపాను. ఆ 145 డాలర్లు తిరిగి వచ్చేదాకా వదలను.