లండన్ నుంచి ప్యారిస్‌కు: విమానం మేలా, రైలు మేలా?

లండన్ హీత్రో నుంచి ప్యారిస్ చార్ల్స్ డి గాల్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 350 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే దూరం కంటే తక్కువ. విమానం గాలిలో ఉండేది గంట లోపే. రన్‌వే దాకా మెల్లగా కదిలే సమయం కూడా కలిపి గంటా ఇరవై నిమిషాలు వేస్తారు. సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి యూరోస్టార్ రైలుకు దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు. అంకెలు చూస్తే విమానమే మేలనిపిస్తుంది. నేను మాత్రం రైలే ఎక్కమంటాను.

ముందు గడియారం సంగతి. ప్యారిస్ లండన్ కంటే గంట ముందుంటుంది. ఉదయం 9 గంటలకు ఎగిరిన విమానం 11.20కి దిగుతుందని టికెట్ మీద ఉంటే, ప్రయాణం గంటా ఇరవై నిమిషాలే. తిరుగు ప్రయాణంలో 9కి ఎగిరితే 9.20కే దిగినట్టు కనిపిస్తుంది. మొదటిసారి వెళ్లేవారు ఇక్కడే తికమకపడతారు.

అసలు లెక్క ఇంటి గడప నుంచి వేయాలి. లండన్ నడిబొడ్డు నుంచి హీత్రోకు ముప్పావు గంట, విమానానికి రెండు గంటల ముందు హాజరు, గంటా ఇరవై ప్రయాణం. దిగాక పాస్‌పోర్టు వరస, సామాను కోసం నిరీక్షణ. చార్ల్స్ డి గాల్ ప్యారిస్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఊళ్లోకి మళ్లీ ఆర్ఈఆర్ బి రైలు ఎక్కాలి. అన్నీ కలిపితే ఐదు గంటలు దాటుతుంది. రైలుకైతే గంటన్నర ముందు స్టేషన్‌కు చేరినా నాలుగు గంటల్లోపే ప్యారిస్‌లో ఉంటారు.

రైలులో నాకు బాగా నచ్చేది పాస్‌పోర్టు తనిఖీ పద్ధతి. ఫ్రెంచి అధికారులు సెయింట్ పాంక్రాస్‌లోనే కూర్చుంటారు. అక్కడ ఆ పని ముగిస్తే, ప్యారిస్‌లో రైలు ఆగే గార్ దు నోర్ స్టేషన్‌లో పెట్టె పట్టుకుని నేరుగా వీధిలోకి నడవడమే. దారిలో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రం కింద నుంచి వెళ్లే సొరంగం 50 కిలోమీటర్లు, అందులో 38 సముద్రం అడుగున. ఇరవై నిమిషాలపాటు కిటికీలో మన ముఖమే కనిపిస్తుంది, చెవులు కాస్త దిబ్బడేస్తాయి. ఒక్కసారిగా వెలుతురు వచ్చేసరికి ఫ్రాన్స్ పొలాలు, చేతిలోని ఫోనులో ఒక గంట ముందుకు జరిగిన సమయం! ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

బస్సు చౌకే. కానీ ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి నిద్ర పాడైనా ఫరవాలేదనుకునే వయసు వారికి సరే.

దేనిలో వెళ్లినా భారతీయ పాస్‌పోర్టుకు షెంజెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. బ్రిటన్‌లో చదువుకునే వీసా దానికి బదులు కాదు. పెట్టెలో ఆవకాయ పెట్టుకోవచ్చు గాని, నెయ్యి తీసుకెళ్లనివ్వరు. బ్రిటన్ నుంచి పాల పదార్థాలను ఐరోపా సమాఖ్య దేశాల్లోకి రానివ్వరు.

విమానం మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాద్ నుంచి హీత్రోలో దిగి, ఒకే టికెట్ మీద ప్యారిస్‌కు సాగిపోయేవారు మధ్యలో లండన్ ఊళ్లోకి వెళ్లి రైలెక్కడం వృథా శ్రమ. హీత్రో పక్కనే హౌన్‌స్లోలో ఉండేవారికీ విమానమే దగ్గర. ఈస్ట్ హామ్‌లో ఉండే మన విద్యార్థులకు మాత్రం మెట్రో రైలు మారకుండానే సెయింట్ పాంక్రాస్ వచ్చేస్తుంది.