కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు, విండోస్ డిస్కు ఇవ్వలేదు: అనంతపురంలో ఒక కొనుగోలు

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన మా అన్నగారి అమ్మాయి కోసం, అనంతపురం సుభాష్ రోడ్డులోని ఒక పెద్ద కంప్యూటర్ దుకాణంలో విండోస్ 11 ముందే వేసి ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాము. ధర విషయంలోను, బిల్లు విషయంలోను, పెట్టె సీలు మా ఎదుటే విప్పి యంత్రాన్ని ఆన్ చేసి చూపించడంలోను ఆ దుకాణానికి వంక పెట్టడానికి లేదు. కానీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎప్పుడైనా మళ్లీ వేసుకోవలసి వస్తే కావలసిన డిస్కు గానీ పెన్‌డ్రైవ్ గానీ ఇవ్వండని అడిగినప్పుడు వచ్చిన సమాధానం మాత్రం, అంత పేరున్న దుకాణం ఇవ్వవలసినది కాదు.

"సీడీలు ఇప్పుడు యాడిస్తాండారు సార్, అంతా లోపలే ఉంటాది" అని కౌంటర్‌లోని అబ్బాయి తేల్చేశాడు. అందులో సగం నిజమే. విండోస్ 7 కాలంలో ల్యాప్‌టాప్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ప్రొడక్ట్ కీ, అంటే విండోస్ లైసెన్సు సంఖ్య, ఉండేది. ఆ అక్షరాలు చెరిగిపోతే కీ పోయినట్టే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డు చిప్‌లో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాము అయిన ఫర్మ్‌వేర్‌లోనే రాసి పంపుతున్నాయి కాబట్టి, అదే ఎడిషన్‌ను (హోమ్, ప్రో వంటి రకాన్ని) మళ్లీ వేసేటప్పుడు సెటప్ ఆ కీని తానే చదువుకుంటుంది. ఫ్యాక్టరీ స్థితికి తెచ్చుకోవడానికి రికవరీ పార్టిషన్ అనే ప్రత్యేక భాగం కూడా యంత్రంలోనే ఉంటుంది. అయితే ఆ పార్టిషన్ ఉండేది విండోస్, ఫైళ్లు అన్నీ ఉండే డ్రైవ్ అయిన ఎస్ఎస్‌డీ మీదే. ఎస్ఎస్‌డీ పాడైన రోజున రెండూ కలిసే పోతాయి. తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ సంగతి చెబితే ఆ అబ్బాయి, "ఏమైనా అయితే తీసుకురాండి సార్, ఐదు వందలకు విండోస్ కొట్టిస్తాం" అన్నాడు. ఏ విండోస్ వేస్తారని అడిగితే, "ప్రో" అని గర్వంగా చెప్పాడు. మేము కొన్న యంత్రానికి లైసెన్సు ఉన్నది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్‌కు. దాని మీద ప్రో వేస్తే ఫర్మ్‌వేర్‌లోని కీ ఆ ఎడిషన్‌కు పనికిరాదు. ప్రో లైసెన్సు విడిగా కొనాలి, లేదా యాంటీవైరస్‌ను ఆపి యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రామును నడపాలి. ఐదు వందలకు జరిగేది ఏదో వేరే చెప్పనక్కరలేదు. డబ్బు పెట్టి కొన్న అసలు లైసెన్సును పక్కన పెట్టి, ఎవరు తయారు చేశారో తెలియని ప్రోగ్రామును విద్యార్థి యంత్రంలోకి ఎక్కించడాన్ని సేవ అనడానికి నాకు మనసొప్పదు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ఆపేసిన విండోస్ 10 కూడా వారి పెన్‌డ్రైవ్‌లో ఉందని, కావాలంటే అదీ వేస్తామని ఆ అబ్బాయి అదనంగా చెప్పాడు.

చివరకు విండోస్‌ను మళ్లీ వేసుకోవడానికి పెన్‌డ్రైవ్ తయారు చేసే పని సప్తగిరి సర్కిల్ దగ్గరి ఒక చిన్న సర్వీసు దుకాణంలో జరిగింది. అసలు ఈ సమీక్షలో మెచ్చుకోవలసినది ఆ దుకాణాన్నే. అక్కడి మెకానిక్ మొదట చెప్పిన మాట, డిస్కు అడగవద్దని. ఈ ల్యాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవే లేదు; ఉన్నా విండోస్ 11 ఫైలు 4.7 జీబీ డీవీడీలో పట్టదు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టలేషన్ మీడియా తయారవుతుంది. అందులో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ కూడా ఉంటుంది కాబట్టి ఎడిషన్ చిక్కు రాదు. చిక్కంతా డ్రైవర్లతోనే, అంటే యంత్రంలోని భాగాలను విండోస్ గుర్తించడానికి కావలసిన చిన్న ప్రోగ్రాములతోనే.

ఆయన దాన్ని చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించారు. తన దగ్గర ఉన్న మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌ను మా ల్యాప్‌టాప్‌కు పెట్టి, యంత్రం దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూలోంచి దాన్ని ఎంచుకుని, విండోస్‌ను ఏ డ్రైవ్‌లో వేయాలో అడిగే చోటు వరకు తీసుకెళ్లారు. అక్కడ జాబితా ఖాళీగా ఉంది. లోపల నిక్షేపంగా పనిచేస్తున్న ఎస్ఎస్‌డీ సెటప్‌కు కనిపించనే లేదు. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే స్టోరేజీ కంట్రోలర్‌ను ఆన్ చేసి పంపుతున్నారని, దాని డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని 'లోడ్ డ్రైవర్' నొక్కితే తప్ప డ్రైవ్ కనపడదని ఆయన వివరించారు. ఇది తెలియక ఎస్ఎస్‌డీ చచ్చిపోయిందనుకుని కొత్తది కొనేవారు కూడా ఉంటారట. వైఫై డ్రైవర్‌తోను ఇటువంటి తంటాయే రావచ్చు. ఇంటర్నెట్ లేనిదే విండోస్ 11 సెటప్ ముందుకు సాగనంటుంది, డ్రైవర్ లేనిదే ఇంటర్నెట్ రాదు.

అందుకే ఆయన ఆ పెన్‌డ్రైవ్‌ను తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సొంత రికవరీ టూల్‌తో మరొకటి తయారు చేశారు. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీలు ఈ సౌకర్యాన్ని ఉచితంగానే ఇస్తాయి; సర్వీస్ ట్యాగ్, సీరియల్ నంబర్ వంటి యంత్రం గుర్తింపు సంఖ్యను కొడితే ఆ మోడల్‌కు సరిపడే ఫ్యాక్టరీ కాపీ డ్రైవర్లతో సహా దిగుతుంది. పెన్‌డ్రైవ్ మాత్రం పెద్దది కావాలి, 32 జీబీ తీసుకుంటే ఇబ్బంది ఉండదు. డౌన్‌లోడ్ బరువైనది కనుక హాస్టల్‌లో ఫోన్ డేటాతో చేసే పని కాదు. ఇంటర్నెట్ అంతగా లేనివారు విండోస్‌లోనే ఉన్న 'రికవరీ డ్రైవ్' సౌకర్యాన్ని వాడుకోవచ్చు గానీ, అందులో సిస్టమ్ ఫైళ్లను కూడా కాపీ చేయమనే చోట టిక్కు ఉందో లేదో చూసుకోవాలి. ఆ టిక్కు లేకపోతే తయారయ్యేది రిపేరు పనిముట్లే తప్ప విండోస్ కాదు.

తయారైన పెన్‌డ్రైవ్‌ను బూట్ చేసి, ఈసారి డ్రైవ్ కనిపిస్తున్నదని మాకు చూపించి, అక్కడితో రద్దు చేసి చేతికిచ్చారు. నేను అడగకుండానే ఆయన చేసిన మరో పని, అమ్మాయి మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఆమె చేతనే లాగిన్ చేయించి, బిట్‌లాకర్ రికవరీ కీలోని 48 అంకెలను కాగితం మీద ప్రింటు తీసి ఇవ్వడం. కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే ఫైళ్లు తెరుచుకోకుండా చేసే తాళం, చెప్పాపెట్టకుండా ఆన్ అయి ఉంటుంది. విండోస్ లేవని రోజున ఫైళ్లను బయటకు తీసుకోవాలంటే ఆ కీ తప్పనిసరి. "ఈ కాగితం బ్యాగులో ల్యాప్‌టాప్ పక్కన పెట్టాకు పాపా, ఇంట్లో అమ్మకియ్యి" అని మరీ చెప్పారు. పెన్‌డ్రైవ్ ఖరీదు కాక ఆయన తీసుకున్న కూలి, సుభాష్ రోడ్డు దుకాణం 'కొట్టించడానికి' చెప్పిన ధరలో సగం కూడా లేదు. ఒక లోపం చెప్పాలంటే, అక్కడ కూర్చోవడానికి చోటు లేదు, బిల్లు అడిగితే చిత్తుకాగితం మీద రాసిస్తారు.

ల్యాప్‌టాప్ కొనడానికి నేటికీ నేను సుభాష్ రోడ్డు దుకాణాన్నే సూచిస్తాను, రికవరీ పెన్‌డ్రైవ్‌కు మాత్రం సప్తగిరి సర్కిల్‌కు పొమ్మంటాను. తరువాత ఒకసారి సుభాష్ రోడ్డు దుకాణానికి వెళ్లినప్పుడు, అమ్మే ప్రతి యంత్రంతోను ఇటువంటి పెన్‌డ్రైవ్ ఒకటి చేసిస్తే బాగుంటుందని యజమానితో అన్నాను. ఆయన ఓపికగా విని, "పెన్‌డ్రైవ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాల సార్?" అని అడిగారు. కొనేవాళ్లే పెట్టుకుంటారు, బిల్లులో వేయండని చెప్పాను.